క్లాసు పిల్లలకు మీ వాడి జబ్బు గురించి ఎలా చెప్పాలి? ఒక పాత బ్యాగు, 20 నిమిషాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉండే తెలుగువాళ్ల నుంచి నాకు నెలకు ఒకటో రెండో ఫోన్లు వస్తుంటాయి. అడిగేది ఒకటే. "అక్కా, స్కూల్లో పిల్లలు మా వాణ్ని వెక్కిరిస్తున్నారు. టీచరేమో మీరే వచ్చి క్లాసులో చెప్పండి అంటోంది. ఏం చెప్పాలి? ఎంతవరకు చెప్పాలి?" ప్రతిసారీ గంటసేపు ఫోన్లో చెప్పేకంటే ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

మా వాడికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. డీఎండీ అంటారు. నేను డాక్టర్ని కాదు, తల్లిని. వాడి క్లాసులో రెండుసార్లు మాట్లాడాను, రెండో తరగతిలో ఒకసారి, నాలుగో తరగతిలో ఒకసారి. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాను. రెండోసారి ఫర్వాలేదు. ఈ రెండింటి మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇది 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు పనికొస్తుంది, అంతకంటే పెద్దవాళ్లకు వేరేగా చెప్పాలి. మీ పిల్లలకు ఇంకో జన్యు జబ్బు ఉంటే ఏం మార్చుకోవాలో చివర్లో చెప్పాను.

మీకు తెలియాల్సిన సైన్సు ఇంతే

కండలోని ప్రతి కణానికీ ఒక పైపొర ఉంటుంది. ఆ పొరను లోపలి భాగంతో గట్టిగా పట్టి ఉంచేది డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్. డీఎండీ పిల్లల్లో అది తయారు కాదు. పట్టు లేకపోవడంతో కండ కదిలిన ప్రతిసారీ కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. ఆ ప్రోటీన్‌ను తయారు చేయించే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి జబ్బు వచ్చేది దాదాపుగా మగపిల్లలకే. చాలామందికి 10 నుంచి 12 ఏళ్ల మధ్యలో వీల్‌చైర్ అవసరమవుతుంది. స్టెరాయిడ్ మందులు ఆ రోజును కొంత వెనక్కి నెడతాయి, జబ్బును పూర్తిగా పోగొట్టవు.

ఇంకొకటి. "మేనరికమా?" అని స్కూల్లోనూ అడుగుతారు, ఊళ్లోనూ అడుగుతారు. డీఎండీకి మేనరికంతో సంబంధం లేదు. కొందరికి తల్లి వైపు నుంచి వస్తుంది, సుమారు మూడోవంతు మందికి ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది. ఇది పెద్దవాళ్లు అడిగితే చెప్పడానికి. క్లాసులో ఎత్తొద్దు.

కావలసినవి

- పాత స్కూలు బ్యాగు ఒకటి, రెండు పట్టీలూ ఉన్నది
- ఒక బ్లేడు (ఇంట్లో వాడడానికి, స్కూలుకు తీసుకెళ్లొద్దు)
- నాలుగు నోటుపుస్తకాలు
- ముందురోజు క్లాస్ టీచర్‌తో పది నిమిషాలు
- ఉదయం పూట ఒక పీరియడ్‌లో 20 నిమిషాలు. లంచ్ తర్వాత పిల్లలు తూగుతుంటారు. పీటీ పీరియడ్ ముందయితే కిటికీలోంచి గ్రౌండ్ వైపు చూస్తుంటారు.
- మీ వాడి ఒప్పుకోలు. ఇది లేకపోతే మిగతావేవీ అక్కర్లేదు.

పవర్‌పాయింట్ వద్దు. క్రోమోజోమ్ బొమ్మ వద్దు. మొదటిసారి నేను బోర్డు మీద పెద్ద ఎక్స్ గీశాను. ముందు బెంచీలో పాప చెయ్యెత్తి, "ఆంటీ, అది రాంగా?" అని అడిగింది. వాళ్ల నోటుపుస్తకాల్లో ఎక్స్ అంటే తప్పు చేసినట్టు! ఎక్స్‌లో తేడా ఉందని నేను చెబుతుంటే, వాళ్లకు మా వాడి మీద టీచర్ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టినట్టు వినపడింది. చాక్లెట్లు కూడా వద్దు. నేను పంచాను. "హ్యాపీ బర్త్‌డే పాడాలా?" అన్నారు.

1. ముందు మీ వాణ్ని అడగండి

"నీ క్లాసులో చెప్పమంటావా?" అని అడిగి ఊరుకోకండి. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, తను క్లాసులో ఉంటాడా, లైబ్రరీలో కూర్చుంటాడా, ఇవన్నీ విడివిడిగా అడగండి. మా వాడు రెండోసారి నాకు మూడు షరతులు పెట్టాడు. పడిపోయే సంగతి చెప్పొచ్చు. బాత్రూమ్ సంగతి చెప్పకూడదు. "నువ్వు ఏడవకూడదు."

హెచ్చరిక: మీ వాడికి తెలియని విషయం ఒక్కటి కూడా క్లాసుకు తెలియకూడదు. జబ్బు పేరు మీరు చెబితే సాయంత్రానికి ఎవరింట్లోనో అక్కో అన్నో ఫోన్‌లో వెతుకుతారు. మర్నాడు ఆ కబురు మీ వాడి చెవికి చేరుతుంది. కాబట్టి వాడికి ఇంట్లో ఇంకా పేరు చెప్పకపోతే ముందు ఆ పని చేయండి, వారం తర్వాత క్లాసు సంగతి చూడండి. ఎలా చెప్పాలో తెలియకపోతే, మీరు చూపించుకునే చోట సోషల్ వర్కర్‌నో కౌన్సెలర్‌నో అడగండి. నిమ్‌హాన్స్ అనే బెంగళూరు ఆసుపత్రి లాంటి పెద్ద చోట్ల ఈ పనికి వేరే విభాగమే ఉంది. డాక్టర్ గారికి టైమ్ ఉండదు, వీళ్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

వాడు వద్దంటే? వద్దు. పక్క బెంచీ వాళ్లిద్దరికీ, వ్యాన్‌లో పక్కన కూర్చునేవాడికీ మాత్రం వాడినే చెప్పనివ్వండి. ఒక టర్మ్ ఆగి మళ్లీ అడగండి.

2. పిల్లలకంటే ముందు పెద్దవాళ్లు

క్లాస్ టీచర్, పీటీ సార్, వ్యాన్ డ్రైవర్, ఆయమ్మ. నన్నడిగితే ఈ లిస్టులో ఆయమ్మే మొదట ఉండాలి. మా వైపు స్కూళ్లలో చాలామంది ఆయమ్మలు చిత్తూరు నుంచో అనంతపురం నుంచో వచ్చినవాళ్లు, తెలుగే మాట్లాడతారు. మా ఆయమ్మ వాడిని బాత్రూమ్‌కు తీసుకెళ్లేటప్పుడల్లా "అయ్యో నా బంగారు, ఏ జన్మలో చేసుకున్న ఖర్మో" అనేది. ప్రేమతోనే అనేది. అది వినే పక్క పిల్లలకు మాత్రం వీడేదో తప్పు చేశాడని అర్థమైంది. ఒకరోజు గేటు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. "ఆయమ్మా, ఖర్మ అనకమ్మా. కండల్లో బలం తక్కువ అను, చాలు." తర్వాత ఎవరైనా పిల్లలు అడిగితే ఆమే నాకంటే బాగా చెప్పేది.

పీటీ సార్‌కు రెండు మాటలు. ఒకటి, ఎక్సర్‌సైజ్ ఎక్కువ చేయిస్తే బలం రాదు, ఉన్న కండ దెబ్బతింటుంది. రెండు, పడిపోతే చంకల కింద చేతులు వేసి లేపొద్దు. భుజాల్లో పట్టు ఉండదు కాబట్టి పిల్లాడు చేతుల్లోంచి జారిపోతాడు. ఎలా లేపాలో మీ ఫిజియోథెరపిస్ట్ దగ్గర వీడియో తీసుకుని సార్‌కు పంపండి.

3. బ్యాగు సిద్ధం చేయండి

బ్యాగు పట్టీ పైన, వీపు దగ్గర కలిసే చోట చూడండి. చిన్న చతురస్రంలా నాలుగు వైపులా కుట్టి ఉంటుంది. ఒక పట్టీ జోలికి వెళ్లొద్దు. రెండో పట్టీ కుట్టులో దారాలు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతూ, పక్కపక్కనే ఎనిమిది కుట్లు మాత్రం మిగల్చండి. బయటికి చూస్తే రెండు పట్టీలూ ఒకేలా కనపడాలి.

ఇంట్లో ఒకసారి పరీక్షించండి. రెండు నోటుపుస్తకాలు వేసి ఆ పట్టీతో ఎత్తితే ఆగాలి. నాలుగు వేసి కొంచెం ఊపితే ఒకటో రెండో కుట్లు ఊడాలి. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ మని వినిపిస్తుంది. అంత మెల్లగా ఊడాలి. నేను మొదట రిహార్సల్ చేసినప్పుడు నాలుగే కుట్లు ఉంచాను. పట్టీ ఒక్కసారిగా తెగి పుస్తకాలు నేల మీద పడ్డాయి, మా వాడి ముఖం మాడిపోయింది. క్లాసులో అలా జరిగితే పిల్లలు చప్పట్లు కొడతారు. కొంతమంది భయపడతారు. మనకు రెండూ వద్దు.

4. వాళ్లు చూసినదానితో మొదలుపెట్టండి

"మీ ఫ్రెండ్ చాలా స్పెషల్" అని మొదలుపెట్టకండి. పిల్లలకు ఆ మాట ఎప్పుడు వాడతారో బాగా తెలుసు. "వీడు మీకంటే వేరేగా చేసే పనులు మీరేం చూశారు?" అని అడగండి. చేతులు లేస్తాయి. మెట్లు మెల్లగా ఎక్కుతాడు. మునివేళ్ల మీద నడుస్తాడు. ప్రేయర్‌లో లేటుగా లేస్తాడు.

ఆ లేవడం గురించి చెప్పాలి. మా వాడు కింద కూర్చుంటే ముందు ముందుకు వంగి నాలుగు కాళ్ల మీదకు వస్తాడు. నడుము పైకెత్తుతాడు. ఒక చెయ్యి మోకాలి మీద, తర్వాత రెండోది. ఆ చేతుల్ని తొడల మీద కొంచెం కొంచెం పైకి జరుపుతూ, తన ఒంటినే నిచ్చెనగా చేసుకుని ఎక్కినట్టు లేస్తాడు. క్లాసులో ఇద్దరు దీన్ని అనుకరించి నవ్వించేవాళ్లు. రెండోసారి నేను వాళ్లను తిట్టలేదు. "మీరిద్దరూ బాగా గమనించారు. అలా ఎందుకు లేస్తాడో తెలుసా?" అన్నాను. ఆ ఇద్దరే చివరిదాకా కదలకుండా విన్నారు.

5. బ్యాగు చూపించండి

నేను చెప్పింది దాదాపు ఇలా. మీ మాటల్లోకి మార్చుకోండి.

"ఈ బ్యాగు బాగుందా? గుడ్డ బాగుంది, జిప్పు బాగుంది. ఈ పట్టీ పట్టుకుని ఎత్తుతాను. చూడండి, ఏమీ కాలేదు. ఇప్పుడు ఈ పట్టీ. (మెల్లగా ఊపండి.) వినపడిందా? కుట్టు ఊడింది. మీ కండల్లో కుట్టు గట్టిగా ఉంది. వీడి కండల్లో ఆ దారం లేదు. అందుకే ఎత్తినప్పుడల్లా, పరిగెత్తినప్పుడల్లా కొంచెం కొంచెం ఊడుతుంది."

ఈ మాట చెప్పేటప్పుడు పట్టీ వదిలేసి మీ చెయ్యి మీ తొడ మీద వేసుకోండి. "ఇది బ్యాగు, ఇది కాలు. నేను చెప్పేది కాలు గురించి" అని పైకి అనండి. నేను ఇది మర్చిపోయాను. ఒక పిల్ల ఇంటికెళ్లి, "వాడి బ్యాగు చిరిగిపోయిందమ్మా, పాపం కొనుక్కోలేరట" అని చెప్పింది. రాత్రి తొమ్మిదికి క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో ఆ తల్లి కొత్త బ్యాగు కొనిస్తానని మెసేజ్ పెట్టింది. ఇంకో ఇద్దరు డబ్బులు కలుపుతామన్నారు.

తర్వాత నిజంగా అక్కరకొచ్చే ముక్క. "ఇంకా గట్టిగా ఊపితే కుట్టు బిగుస్తుందా?" అని అడగండి. అందరూ లేదంటారు. ఎక్సర్‌సైజ్ చేయొచ్చు కదా అనే ప్రశ్న అక్కడితో తీరిపోయింది. "మరి ఏం చేస్తే పట్టీ ఎక్కువ రోజులు ఉంటుంది?" వాళ్లే చెబుతారు. పుస్తకాలు తీసేయాలి. కింద చెయ్యి పెట్టాలి. మీరు బ్యాగు కింద అరచెయ్యి పెట్టి ఎత్తి చూపించండి. "లిఫ్ట్ అంటే ఇదే. మందు అంటే ఇదే. ఫిజియోథెరపీ ఇదే. వీడికి లిఫ్ట్ ఎందుకు, మాకెందుకు లేదు అని అడిగారు కదా, అందుకు."

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "టైలర్ దగ్గర కుట్టించేయొచ్చు కదా?" అని. నాకు ఈ ప్రశ్నంటే చాలా ఇష్టం. జన్యువు గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు. "ఒంట్లో ఆ దారం ఎలా చేయాలో ఒక పుస్తకంలా రాసి ఉంటుంది. అందరిలోనూ ఉంటుంది. వీడి పుస్తకంలో, అమ్మ పొట్టలో ఉన్నప్పుడే, ఆ పేజీలో తప్పు పడింది. అందుకే ఆ దారం తయారు కావట్లేదు. ఆ తప్పు ఎలా దిద్దాలో డాక్టర్లు కష్టపడుతున్నారు." ఇక్కడితో ఆపేయండి.

6. ఈ నాలుగు మాటలూ పైకి అనిపించండి

ఒకటి: అంటదు. పక్కన కూర్చున్నా, టిఫిన్ పంచుకున్నా, చెయ్యి పట్టుకున్నా అంటదు. మా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, కన్నడం, హిందీ, తమిళం మాట్లాడేవాళ్లు అందరూ ఉన్నారు. "కన్నడలో ఎలా చెప్పాలి?" అని వాళ్లనే అడిగాను. "అంటోదిల్ల!" అని అరిచారు. తెలుగు పిల్లలు "మాదీ అదే మాట!" అన్నారు. రెండు నిమిషాలు గోల. పోతే పోనివ్వండి, ఇంటికి తీసుకెళ్లే మాట అదే.

రెండు: ఎవరి తప్పూ కాదు. దీన్ని పొడిగా చెప్పి వదిలేయొద్దు. "తోస్తే రాదు. తిడితే రాదు. ఐస్‌క్రీం తింటే రాదు. అబద్ధం చెబితే రాదు." మొదటిసారి బెల్ కొట్టాక ఒక బాబు నా చున్నీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్లేదాకా మాట్లాడలేదు. తర్వాత, "ఆంటీ, పోయిన నెల కుళాయి దగ్గర నేను తోశాను" అన్నాడు. నెలరోజులు దాన్ని మోశాడు వాడు. ఆరేడేళ్ల పిల్లలు ఏం జరిగినా తమ వల్లే అనుకుంటారు. క్లాసులో అలాంటివాళ్లు ఒక్కరైనా ఉంటారనుకుని మాట్లాడండి.

మూడు: వాడికి ఇష్టమైనవి మీలాగే ఉన్నాయి. ఏవో వాడినే చెప్పనివ్వండి. క్రికెట్‌లో స్కోరింగ్, చెస్, బుమ్రా బౌలింగ్ అనుకరించడం, ఏదైనా. "చదువులో మాత్రం ఫస్ట్" అని గొప్పలు పోకండి. డీఎండీ పిల్లల్లో కొందరికి మాటలు, చదువు కూడా కొంచెం ఆలస్యమవుతాయి. వాళ్ల మీద ఆ బరువు ఎందుకు?

నాలుగు: అడుగు, ఆగు, పిలువు. వాడు పడితే ముందు "హెల్ప్ కావాలా?" అని అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. కావాలంటే టీచర్‌ని పిలవాలి. చెయ్యి పట్టి లాగకూడదు. దీన్ని ఒకసారి ప్రాక్టీస్ చేయించండి, పడినట్టు నటించేది మీరే అయితే బాగుంటుంది. నేను నేల మీద కూర్చుంటే ముగ్గురు ఒక్కసారిగా చేతులు లాగారు. "అడిగారా?" అన్నాను. నాలుక్కరుచుకున్నారు. రెండోసారికి సరిగ్గా చేశారు.

7. కష్టమైన ప్రశ్నలు

తగ్గిపోతుందా? "ఇప్పుడున్న మందులతో పూర్తిగా తగ్గదు. మెల్లగా వెళ్లేలా చేస్తాయి." తగ్గిపోతుందని అబద్ధం చెప్పకండి. రెండేళ్ల తర్వాత వీల్‌చైర్ చూసి ఇదే పిల్లలు మిమ్మల్ని అడుగుతారు.

చచ్చిపోతాడా? అడుగుతారు. తడబడొద్దు, కసరొద్దు. "వాడి గుండెనూ ఊపిరినీ డాక్టర్లు ఎప్పటికప్పుడు చూస్తూ ఉంటారు. ఈ రోజు వాడు మీతో క్లాసులో ఉన్నాడు, రేపూ వస్తాడు." ఏమీ కాదని ప్రమాణాలు చేయొద్దు, భవిష్యత్తు విప్పి చెప్పొద్దు. ఈ ప్రశ్నకు జవాబు మీ వాడితో ముందే మాట్లాడుకుని ఉండాలి. వాడు అక్కడే ఉంటాడు, మీ ముఖమే చూస్తుంటాడు.

ఎందుకు లావయ్యాడు? స్టెరాయిడ్స్ వాడే పిల్లలకు ఆకలి పెరుగుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి, కోపం త్వరగా వస్తుంది. క్లాసులో "డుమ్మ" (కన్నడంలో లావుగా ఉన్నవాడు) అని పేరు పెట్టారు. మందు సంగతి చెప్పడానికి మీ వాడు ఒప్పుకుంటేనే, "కుట్టు ఎక్కువ రోజులు ఉండడానికి వేసుకునే మందు వల్ల బుగ్గలు అలా అవుతాయి" అని చెప్పండి. రెండో తరగతిలో వాడు వద్దన్నాడు, నేను చెప్పలేదు. నాలుగో తరగతిలో వాడే చెప్పాడు.

రాగిముద్ద తింటే బలం రాదా? ఇది ఒక కన్నడ పిల్లాడి సలహా, వాళ్ల అజ్జి (అవ్వ) చెప్పిందట. నవ్వకండి. "రాగిముద్ద ఎముకలకు మంచిది, మేమూ తింటాం. ఆ దారం మాత్రం తిండితో రాదు."

8. వీల్‌చైర్ వచ్చే ముందు ఇంకో పది నిమిషాలు

ఒకసారి చెప్పి వదిలేయడానికి కుదరని జబ్బు ఇది. వీల్‌చైర్ మొదలయ్యే ముందు వారం మళ్లీ వెళ్లండి. అది వాడి కాళ్లలాంటిది, అడక్కుండా తోయకూడదు, ఎక్కి ఆడకూడదు. ఒకరోజు మాత్రం అందరూ ముట్టుకుని, బ్రేకులు ఎలా వేస్తారో చూడనివ్వండి. ఆ రోజుతో వాళ్ల మోజు తీరిపోతుంది.

లిఫ్ట్, గ్రౌండ్ ఫ్లోర్ క్లాసు, ర్యాంపు విషయంలో స్కూలు నసిగితే వికలాంగుల హక్కుల చట్టం 2016 పేరు చెప్పండి. అందులోని 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది. థలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ కూడా ఉన్నాయి. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు కాపీ జత చేసి ఉత్తరం రాయండి. నోటిమాటగా అడిగినదానికి జవాబు రాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

జాలి పుట్టించడం. మొదటిసారి నా గొంతు పూడుకుపోయింది, టీచర్ కళ్లు తుడుచుకుంది. మర్నాటి నుంచి ముగ్గురు పిల్లలు వాడి బ్యాగు ఎవరు మోయాలని కొట్టుకున్నారు. నాలుగో రోజు వాడు ఇంటికొచ్చి బూట్లు విసిరేశాడు. "నన్ను బేబీని చేశావు" అన్నాడు. మూడు వారాల తర్వాత ఆ ముగ్గురికీ విసుగొచ్చి అసలు పలకరించడమే మానేశారు. బ్యాగు మోయడం ఒక పని, వంతులవారీగా టీచర్ అప్పజెప్పాలి. ఫ్రెండ్‌షిప్ దానికి వేరు.

హీరోను చేయడం. "ఎంత ధైర్యవంతుడో" అంటే వాడికి ఏడిచే హక్కు పోతుంది.

కాళ్లకు బరువులు కట్టి పిల్లల్ని నడిపించే ఆట. కొంతమంది టీచర్లకు ఇది గొప్ప ఐడియాగా తోస్తుంది. మర్యాదగా వద్దనండి. ఐదు నిమిషాలు కుంటి నడిచిన పిల్లలు "అమ్మో, నాకు రాలేదు, థాంక్ గాడ్" అనుకుంటూ బయటికి వస్తారు.

"వాడితో జాగ్రత్త" అనడం. జాగ్రత్త అన్నదాన్ని పిల్లలు దూరం పెడతారు. ఏం చేయకూడదో ఒక్కటి చెబితే, ఏం చేయొచ్చో మూడు చెప్పండి.

సెప్టెంబరు 7 కోసం ఆగడం. డుషేన్ అవగాహన దినం అది. ఆ జన్యువులో 79 ముక్కలున్నాయి కాబట్టి ఏడో తేదీ, తొమ్మిదో నెల. బాగానే ఉంది, కానీ ఆ రోజు స్కూలు వాళ్లు ఎర్ర బెలూన్లు కట్టి మీ వాణ్ని స్టేజీ ఎక్కిస్తారు. మామూలు మంగళవారం మంచిది.

క్లాసులోకి వెళ్లడం కుదరకపోతే

ఆఫీసు సెలవు దొరకని వాళ్లు, నలుగురి ముందు మాట్లాడలేని వాళ్లు టీచర్ చేత చదివించడానికి ఇది వాడుకోవచ్చు:

"మీ ఫ్రెండ్ కండల్లో కుట్టు బలంగా లేదు. పుట్టకముందు నుంచే అలా ఉంది. అది మీకు అంటదు. ఎవరి తప్పూ కాదు. వాడు పడితే హెల్ప్ కావాలా అని అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి, టీచర్‌ని పిలవండి. మీకేమైనా అడగాలనిపిస్తే వాడినే అడగొచ్చు. చెప్పాలనిపిస్తే చెబుతాడు, లేకపోతే లేదు."

తల్లిదండ్రుల గ్రూప్‌లో కూడా ఇదే పెట్టండి, ఇంగ్లీషులోకి మార్చి. వైద్యుల రిపోర్టులు, జీన్ టెస్ట్ ఫొటోలు మాత్రం ఎవరు అడిగినా పెట్టొద్దు.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

"అర్థమైందా?" అని అడిగితే 40 మందీ "యెస్ మ్యామ్" అంటారు. దానికి విలువ లేదు.

ఆ రోజు రాని పిల్లలు ఎవరైనా ఉంటారు. మర్నాడు వాళ్లకు ఇంకో పిల్లో పిల్లాడో చెప్పేలా టీచర్‌ని చూడమనండి. అందులో మూడు వెతకాలి: అంటదు, తప్పు కాదు, అడగాలి. మూడూ ఉంటే మీ పని అయినట్టే. "పాపం" అనే మాట వస్తే మీ గొంతులో ఎక్కడో జాలి దొర్లింది. బ్యాగు మాత్రమే ఉండి కాలు లేకపోతే, పైన చెప్పిన వాట్సాప్ మెసేజ్‌కు సిద్ధంగా ఉండండి.

రెండు వారాల తర్వాత ఆటల పీరియడ్‌లో దూరం నుంచి చూడండి, లేదా పీటీ సార్‌ని అడగండి. మీ వాడు ఆటలో ఉన్నాడా, గోడ పక్కన ఉన్నాడా? అంపైరో స్కోరరో అయినా సరే, వాడితో ఎవరైనా గొడవపడుతున్నారంటే మంచి గుర్తు. జాలిపడే పిల్లలు అంపైర్‌తో గొడవపడరు.

ఇంట్లో "అంతా బాగుందా?" అని అడగొద్దు. "ఈరోజు నిన్ను అడక్కుండా ఎవరైనా లేపారా?" అని అడగండి. దానికి అవును, కాదు అని జవాబు ఉంటుంది, పేరు కూడా వస్తుంది.

వేరే జబ్బయితే ఏం మార్చాలి?

నాలుగు మాటలూ అవే. బ్యాగు మాత్రం మారుతుంది.

థలసీమియాకు బీఎంటీసీ బస్సులు. రక్తంలో ఎర్రకణాలు ఊపిరిని ఒళ్లంతా మోసే బస్సులు. ఈ పాప డిపోలో బస్సులు సరిగ్గా తయారు కావు, అందుకే రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేరేవాళ్ల బస్సులు తెచ్చుకోవాలి. ఆ రోజు స్కూలుకు రాదు. సూది గురించి మరీ వర్ణించొద్దు, చిన్నపిల్లలకు రాత్రి కలలో వస్తుంది.

హీమోఫీలియాకు చెరువు గట్టు. గండి పడితే మట్టి వేసి పూడ్చే కూలీల్లో ఒకరు తక్కువ, అందుకే నీరు ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. చిన్న గీత పడితే రక్తమంతా పోతుందని పిల్లలు భయపడతారు. అది నిజం కాదని గట్టిగా చెప్పండి. తలకు, కీళ్లకు దెబ్బ తగిలితే మాత్రం బయటికి రక్తం కనపడకపోయినా వెంటనే టీచర్‌కు చెప్పాలి.

ఎముకలు సులువుగా విరిగే జబ్బుకు సుద్దముక్క చాలు. చేతిలో పట్టుకుని చూపించండి, విరిచి చూపించొద్దు. విరిగిన ముక్కను పిల్లలు మర్చిపోరు.

చివరగా ఒక పనికొచ్చే సంగతి. ప్రతి జూన్‌లో సెక్షన్లు కలిపేస్తారు. సగం మంది కొత్తవాళ్లు వస్తారు, కొత్త క్లాస్ టీచర్ వస్తుంది, ఆయమ్మ మారుతుంది. అందుకే బ్యాగు పారేయొద్దు. మాది అటక మీద ఉంది. వచ్చే ఏడు ఐదో తరగతికి నన్ను రావద్దన్నాడు. తనే చెబుతాడట. కుట్లు మాత్రం నన్నే విప్పమన్నాడు. ఎనిమిది కాదు, పది ఉంచమన్నాడు. క్లాసు పెద్దది, వెనక బెంచీ దాకా వినపడేలా ఎక్కువసార్లు ఊపాలట.